పేరు మారిస్తే చాలనుకున్నాను

నేను నిజామాబాద్‌లో బీఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ డిగ్రీ, చదువుతున్నాను. ఫీల్డ్‌వర్క్ కోసం బోధన్ దగ్గర ఒక ఊరికి వెళ్లేవాళ్లం. అక్కడ బీడీలు చుట్టే సుజాతక్క నాతో మనసు విప్పి మాట్లాడేది. ఓసారి గొంతు తగ్గించి, "ఆయన తాగొచ్చిన నాడు పిల్లల్ని తీస్కొని చెరుకు తోటల దాక్కుంట. మా అవ్వకు గూడ చెప్పలే" అంది.

ఆ ఊళ్లోనే తాగుడు మీద వీధినాటకం వేయాల్సి వచ్చినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. ఆమెను అడగకుండానే, పేరు మాత్రం మార్చి, ఆ పాత్ర నేనే వేశాను. పిల్లల్ని పొదివి పట్టుకుని చెరుకులో నక్కినట్టు కూర్చోగానే జనమంతా నిశ్శబ్దమైపోయారు. సీను బాగా పండిందని లోలోపల పొంగిపోయాను.

అంతలో ముందు కూర్చున్న ఓ ముసలామె, "గిది మన సుజాత ముచ్చటనే గదనే! తోటకెల్లి వస్తుంటె నేను సూసిన" అంది. అందరూ సుజాతక్క వైపు తిరిగారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుంపులోనే ఉన్న ఆమె భర్త, "నడువ్ ఇంటికి" అన్నాడు. నాటకం అక్కడే ఆగిపోయింది.

మరుసటి వారం భయపడుతూనే వెళ్లాను. "తప్పైందక్కా, మాఫ్ చెయ్యి" అన్నాను. ఆమె బీడీల చాట జరిపి చోటిచ్చింది, మంచినీళ్లిచ్చింది. "ఆ రోజు ఇంట్ల ఏమన్న అయిందా అక్కా?" అని అడిగితే, తల ఎత్తకుండా, "ఏం కాలే మేడం. అంత మంచిగనే ఉన్నం" అంది. అప్పటిదాకా ఆమె నన్ను చెల్లె అనే పిలిచేది.

ఆ తర్వాత ఆమె నాకు ఏ కష్టమూ చెప్పుకోలేదు. ఆ ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకునే దారి నా చేతులతో నేనే మూసేశాను.