మోకాళ్ల మీదికి నెట్టిన నింద

పన్నెండేళ్లు ఒక కాగితం బరువు మోశాను. అరఠావు తెల్ల కాగితం. అది ఇప్పుడు నా దగ్గర లేదు, ఎప్పుడో ఆఫీసులో ఇచ్చేశాం. అయినా బియ్యం కడుగుతుంటే నాతో ఉండేది, దేవునికి దీపం పెడుతుంటే నాతో ఉండేది. నా పేరు చెప్పను. మా వాళ్లందరికీ తెలుసు. మీరు పరాయివాళ్లు, మీకు మొదటి నుంచి చెప్పాలి.

నేను మూడో తరగతి వరకే చదివాను. నిజామాబాద్‌లో బీడీలు చుట్టి ఇద్దరు కొడుకులను పెంచాను. నా ఇంట్లో అగ్గిపుల్ల కూడా వృథా కాదు. పొదుపంటే నేనేనని వాడలో పేరు. ఆ పేరు చాటున ఏం చేశానో వినండి.

మా ఆయన అక్క నాకు వదిన. ఆమె పెళ్లినాడు మా మామ పసుపు కుంకుమ కింద ఎడపల్లిలో రెండెకరాల చెరుకు పొలం ఇచ్చాడు. రెండేళ్లకే భర్త పోయాడు. పిల్లల్లేరు. ఆ పొలాన్నే పట్టుకుని, డెబ్బై ఏళ్లు దాటేదాకా ఒక్కతే బతికింది.

ఆమె తర్వాత ఆ పొలం ఎవరిది? ఈ ప్రశ్న నన్ను తినేది. అత్తింటివాళ్లు వచ్చి ఎత్తుకుపోతే? ఏ మఠానికో రాసిచ్చేస్తే? ఇంటి భూమి ఇంట్లోనే ఉండాలనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, నన్ను నేను నమ్మించుకున్నానా? ఇప్పటికీ తెలియదు. ఆశ అనే మాటను మాత్రం అప్పుడు నాలుక మీదికి రానివ్వలేదు.

అప్పట్లో చక్కెర ఫ్యాక్టరీ నడిచేది. చెరుకు నరకాలంటే ముందు పర్మిట్ రావాలి. ఆ పర్మిట్ అర్జీ అని చెప్పి కాగితం తీసుకుపోయాను. రాసింది నేనే. ‘రెండెకరాలు నా మరదలికి అమ్ముకున్నాను, పైకం ముట్టింది’ అని వదినే చెప్పినట్టుగా, నా మూడో తరగతి రాతతో. మా ఆయన “వద్దే, అది నా అక్క” అన్నాడు. నేను వినలేదు. ఆయన ఇప్పుడు లేడు కాబట్టి తప్పు ఆయన మీదికి నెట్టవచ్చు. నెట్టను.

వదిన వాకిట్లో కందులు చెరుగుతోంది.

“ఏం కాగితమే గిది?”

“చెరుకు పర్మిట్‌ది వదినా. నువ్వు ఫ్యాక్టరీ కాడ లైన్ల నిలబడతవా ఏంది?”

“నా మోకాళ్లు యాడ నిలబడనిస్తయ్! సదువుకున్నదానివి, నీకు తెలుస్తది తీ. ఏలు యాడ ఎయ్యాలె?”

“గీడ.”

బొటనవేలి సిరాను కొంగుకు తుడుచుకుని నాకు టీ పెట్టింది. చక్కెర ఎక్కువే వేసింది. తాగి వచ్చాను.

తర్వాత తెల్ల కాగితాల మీద కొన్న భూములకు సర్కారు పట్టాలిస్తోందంటే, ఆ కాగితం జతచేసి ఎమ్మార్వో ఆఫీసులో అర్జీ పెట్టాం. ఇద్దరు సాక్షులు దొరికారు. అలాంటివాళ్లు దొరకనిదెప్పుడు? విచారణ రోజున వదిన మోకాళ్లు పట్టేసి మంచం మీద ఉంది. ఆమెకు సమ్మతమేనని నేనే చెప్పాను. పాస్‌బుక్ నా పేరున వచ్చింది. వదిన అడిగితే, “నువ్వు ఆఫీసుకు రాకపోతివి, అందుకే మా పేరు మీదికి ఎక్కింది” అన్నాను. నమ్మింది.

పొలం తీసుకోవడం సగం పాపమే. మిగతా సగం ఈ మాటలో ఉంది. నడవలేక మా ఇంటికి చేరాక వదిన, వచ్చినవాళ్లందరికీ “నా మోకాళ్లే నా భూమిని తిన్నయ్” అని చెప్పేది. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. చెరుకు పోయి ఆ పొలంలో వరి వచ్చింది. తన పొలం బియ్యమే తింటూ, నా కూడు తింటున్నానని సిగ్గుపడేది. రెండోసారి కూర అడిగేది కాదు. నేనూ గరిటె కొసతోనే వడ్డించేదాన్ని.

మొన్న ఎండాకాలం, ఒక మధ్యాహ్నం, పాత గుడ్డమూట విప్పి పెళ్లినాటి వెండి కడియాలు నా ముందు పెట్టింది.

“ఇన్నేండ్ల సంది ఊకెనే తింటున్న. ఇవి ఉంచుకో.”

చెయ్యి చాపాను. అబద్ధం ఎందుకు, చాపాను. అలవాటు అలాంటిది. కడియాల మీద పడేలోపే చెయ్యి ఆగింది. అంతా చెప్పేశాను. కాగితం, అందులో నేను రాసిన మాటలు, విచారణ రోజు ఆడిన అబద్ధం.

వదిన కడియాలను మళ్లీ మూటలో కట్టేసుకుంది.

“రాసేటప్పుడు చెయ్యి వణకలేదానే?”

“లే.”

“మరి నా మోకాళ్లను ఎంత తిట్టుకున్ననే, దొంగదానా!” రెండు చేతులతో మోకాళ్లు నిమురుకుంది, పసిపిల్లను ఊరడించినట్టు. “నాకొక్కదానికి చెవుల చెప్తే నడువది. ముందుగాల నా భూమి నాకియ్యి. ఎన్క అందరి ముంగట చెప్పు.”

పెద్దకొడుకు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. “ఎనభై దాటిన ముసల్దానికి పొలమెందుకే అవ్వా? మతి పోయిందా నీకు?”

“ఇప్పుడే వచ్చింది బిడ్డా” అన్నాను.

పొలం మళ్లీ ఆమె పేరున రాసివ్వడానికి వదినను ఆఫీసుకు ఆటోలో తీసుకుపోయాను. దానపత్రం చదివి వినిపిస్తానంటే, వదిన నా చేతిలోంచి లాక్కుంది. “నువ్వు సదివితే నమ్మ” అంది. కాగితాలు రాసే అమ్మాయితో రెండుసార్లు చదివించుకున్నాకే వేలు వేసింది. అంతమందిలో నాకు సిగ్గనిపించాలి. ఎందుకో నవ్వొచ్చింది.

రెండో మాట మిగిలింది. మా ఇంట ఎల్లమ్మ పండుగకు చుట్టాలంతా వచ్చారు. నలభై మంది. విస్తళ్లు వేశారు. అన్నం మీద చెయ్యి పడకముందే లేచి నిలబడి చెప్పాను. మా మరిది “వదినా, ఇజ్జత్ తియ్యకు, కూసో” అన్నాడు. కూర్చోలేదు. గొంతు తగ్గింది. మూల కుర్చీలోంచి వదిన కేక వేసింది:

“గట్టిగ చెప్పు! ఎన్క చెవిటోళ్లున్నరు!”

గట్టిగా చెప్పాను.

పొలం ఇప్పుడు ఎడపల్లి రైతు కౌలుకు చేస్తున్నాడు. నా పెద్దకొడుకు అడిగితే వదిన ఇవ్వలేదు. “నువ్వు మీ అవ్వ కొడుకువే గదరా” అని పళ్లులేని నోటితో హాయిగా నవ్వింది. ఆ నవ్వు చూడటానికి ఇంకో రెండెకరాలు ఉంటే అవీ ఇచ్చేదాన్ని.

క్షమించానని ఆమె అనలేదు. నేను అడగను. అడిగితే ఆమె దగ్గర ఇంకొకటి లాక్కున్నట్టే. కానీ ఆ రోజు నలభై మంది ముందు నా దొంగతనం నా నోటితో చెబుతున్నప్పుడు, బీడీలు చుట్టి చుట్టి వంగిపోయిన ఈ నడుము నిటారుగా నిలిచింది. ఎవరూ పట్టుకోలేదు. నేనే నిలబడ్డాను.