సారు ముందట కుంటుడేంది

కమాన్‌పూర్ చుట్టుపక్కల ఊళ్లలో భూపాల్‌ను డాక్టర్ సాబ్ అంటారు. అతడు డాక్టరు కాదు, గోపాలమిత్ర. బండి వెనక వీర్యం గొట్టాలుండే చలి డబ్బా కట్టుకుని తిరుగుతూ ఎదకొచ్చిన బర్రెలకు సూది వేస్తాడు, దూడలకు కడుపులో నట్టలు పోయే మందు పోస్తాడు. అతడికి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. 2009లో అది పెట్రోలుకు పోగా బియ్యానికి సరిపోయేది. పశువుల దవాఖానలో సహాయకుడి పోస్టుకు డిప్లొమా కావాలి. భూపాల్ ఇంటర్ తప్పాడు.

మిగిలింది ఒక్కటే దారి. తండ్రి సదయ్య గోదావరిఖని బొగ్గు గనిలో బాయి పని చేస్తాడు. కుడి మోకాలు అరిగిపోయింది. కంపెనీ మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. కొడుక్కి ముప్పై అయిదు దాటితే రాదు. భూపాల్‌కు ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి.

"మా ముసలి బర్రె పనికిరాదని నిమిషంల చెప్తివి. మీ నాయినకు గా ముక్క ఎన్నడు రాస్తరు, డాక్టర్ సాబ్?" అని పాలమ్మే మల్లక్క నవ్వింది.

"సోమారం బోర్డున్నది అక్కా. జర మంచిగ మొక్కు."

సోమవారం బోర్డు డాక్టరు ఎక్స్‌రే చూసి ఎటూ తేల్చుకోలేక, "ఏదీ, నడువు" అన్నాడు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచే సదయ్య చొక్కా సర్దుకున్నాడు. ఛాతీ విరుచుకుని తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. ఫిట్ అని రాశారు. మళ్లీ బోర్డుకు పిలిచేసరికి భూపాల్‌కు ముప్పై అయిదు దాటుతాయి.

బయట మెట్లు దిగడానికి కొడుకు భుజం పట్టుకున్నాడు.

"లోపట ఎందుకు కుంటలే నాయినా?"

"సారు ముందట కుంటుడేందిరా! ఇజ్జత్ గాదా? పనికిరానంటరని పదేండ్ల సంది దాస్తున్న. నడువు అనంగనే కాలు దానంతటదే సక్కగైంది."

భూపాల్‌కు కోపం వచ్చింది. అయితే ఈ సంగతి ముందే తెలియాల్సింది అతడికే. అరక కట్టే ఎద్దు ఆసామి చూస్తుంటే కుంటదు. అందుకే అతడు ఎవరి ఎద్దునైనా ముందు చాటు నుంచి చూస్తాడు. నాయినను అట్లా చూడమని బోర్డుకు ఎవరు చెప్తారు?

మరునాడు సదయ్యకు మొదటి షిఫ్టు. నడవలేక కొడుకు బండి వెనక ఎక్కబోయాడు. డబ్బా ఉండి కూర్చోవడానికి జాగా లేదు. డబ్బా విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పైలం నాయినా. అది పగిలితే నా నౌకరి పోతది."

"గిదొక నౌకరేనారా?"

"ఇగ గిదే నౌకరి" అని భూపాల్ బండి తీశాడు.