ఎల్ అరవై మూడా, అరవై ఐదా?

2018 వేసవి. కట్టంగూర్‌లో హైవే పక్కన నేను రేడియం షాపు పెట్టి అప్పటికి పదకొండేళ్లు. రేడియం అనగానే భయపడకండి. బండ్ల మీద నంబర్లు, దేవుళ్ల పేర్లు, "అమ్మ దీవెన"లు అతికించే మెరుపు స్టిక్కరుకు మా దగ్గర అదే పేరు. మా నాయిన బ్రష్షు పట్టి లారీల మీద రాసేవాడు. నేను కంప్యూటర్లో గీసి ప్లాటర్ అనే కోత మిషన్‌కు ఇస్తాను. అది కోశాక అక్షరాల చుట్టూ మిగిలిన తుక్కును సూదితో పీకేస్తాను. ఆ పీకుడును వీడింగ్ అంటారు. చేనులో కలుపు తీసినట్టే, కాకపోతే ఇక్కడ నడుముకు బదులు కళ్లు పడిపోతాయి.

నాయిన నాకు నేర్పిన విద్య ఇంకొకటి ఉంది, చెరిగిపోయిన నంబరు చదవడం. సగం రంగు రాలిన పాత ట్రాలీ తెచ్చి "గీ నంబరే మల్ల రాయి" అనేవాళ్లు ఎంతోమంది. మిగిలిన గీతను బట్టి పోయిన అంకె చెప్పాలి. "పైన కర్ర చూడు, కింద కడుపు చూడు, అంకె దానంతటదే మాట్లాడ్తది" అనేవాడు నాయిన. ఈ పనిలో నాకు చుట్టుపక్కల కొంచెం పేరుంది. కొంచెమేమిటి, బాగానే ఉంది.

ఆ పేరు విని ఒక గురువారం మధ్యాహ్నం యోహాను తాత స్కూటర్ మీద వచ్చాడు. వెనక ఆయన భార్య మరియమ్మ అవ్వ, ఒళ్లో బత్తాయిల సంచి. యోహాను తాత నేవీలో పదిహేనేళ్లు చేసి, ఆ తర్వాత ఒక బ్యాంకులో వాచ్‌మన్‌గా రిటైరైన మనిషి. చాయ్ హోటల్లో ఆయనకు ఇంకో పేరుంది, కోతల యోహాను. ఎందుకంటే తానే నడిపానని ఆయన చెప్పే ఓడ ఒడ్డెక్కుతుంది. ఎక్కి, ముందు భాగం తలుపులా తెరుచుకుంటుంది. అందులోంచి ట్రక్కులు దిగుతాయి. తుఫానప్పుడు ఆ తలుపులోంచే ఊరి జనాన్ని ఎక్కించుకున్నామని ఆయన చెప్తే, "ఒడ్డెక్కినోనివి జరంత ముందుకొచ్చి నల్లగొండ బస్టాండ్ల ఆపకపోయినవా" అని నవ్వేవాళ్లు.

తాత జేబులోంచి నలుపు తెలుపు ఫొటో తీశాడు.

"బిడ్డా, గీ ఓడ నంబరేందో జర చదివి చెప్పు."

ఫొటోలో తెల్ల యూనిఫామ్ వేసుకున్న పడుచు యోహాను, వెనక గోడలాంటి ఓడ. దాని మీద పెద్ద ఇంగ్లీషు ఎల్, పక్కన ఆరు. ఆరు పక్కన ఉండాల్సిన అంకె మీదే తాత తలకాయ ఉంది.

"నంబరుకు అడ్డం నిలవడ్డది నువ్వే గద తాతా!"

"ఫొటోల నేను వడ్తే చాలనుకున్న బిడ్డా. గిన్నేండ్లకు నంబరుతోని పనివడ్తదని ఎరుకనా?"

నా నోరు ఊరుకోదు. "ఎల్ అంటే మా బండ్ల మీది ఎల్ బోర్డేనా? అప్పుడే నేర్చుకుంటున్నరా ఓడ నడుపుడు?" అన్నాను. అవ్వ కిసుక్కున నవ్వింది. తాతకు మాత్రం కోపం నషాళానికి ఎక్కింది.

"లర్నింగు గాదు, ల్యాండింగు! ల్యాండింగ్ క్రాఫ్ట్ అంటరు. అడుగు చదునుగుంటది, గందుకే ఇసుక మీదికి ఎక్కుతది. పెద్ద ఓడలకు పేర్లుంటయ్. మా చిన్న ఓడలకు పేర్లుండయ్, నంబరే పేరు. దూరంకెల్లి గుర్తువట్టాలెనని తెల్ల అంకె రాసి నల్ల నీడ ఇస్తరు."

తెల్ల అంకెకు నల్ల నీడ! మా భాషలో దాన్ని షాడో అంటాం, లారీలకు మేమూ అదే ఇస్తాం. ఆ మాటతో నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. కోతలు కోసేవాడికి షాడో సంగతి తెలియదు.

అసలు సంగతి అప్పుడు చెప్పాడు. వచ్చే నెల వైజాగ్‌లో పాత నావికులంతా కలుస్తున్నారు. భార్యలను కూడా అలాంటి ఓడ ఎక్కించి ఒక పూట సముద్రంలో తిప్పుతారు. అయితే ఏ ఓడలో పనిచేసినవాణ్ని ఆ ఓడవాళ్లు గుర్తుపట్టి "మావాడే" అని చెప్పాలి. తాత ఎల్ 63 అని రాసి పంపాడు. "అరవై మూడులో యోహాను అనేవారు ఎవరూ లేరు" అని జవాబొచ్చింది. ఇంట్లో కాగితాలన్నీ చెదలు తిన్నాయి. శనివారం ఆఖరు రోజు.

"నలభై ఏండ్ల సంది ఇంటున్న గీ ఓడ కత," అంది అవ్వ బత్తాయి ఒలుస్తూ. "గిప్పుడు ఓడోళ్లే గీయన మాకెరుకలేదంటున్నరు. నేనేమనుకోవాలె బిడ్డా?"

అవ్వ నవ్వుతూనే అంది గానీ తాత నవ్వలేదు. ఊరు నవ్వితే ఆయనకు లెక్కలేదు. అవ్వ ఒక్కసారైనా నమ్మాలి, అది ఆయన ఆశ. ఆమె పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. నాకు పాపమనిపించింది. "ఫికర్ చేయకు తాతా, నేనున్న గద" అన్నాను గొప్పగా.

ఫొటో స్కాన్ చేసి పెద్దది చేశాను. తాత టోపీ పైన అడ్డకర్ర ఒకటి కనబడుతోంది, భుజం పక్కన కడుపు ఒంపు. పైన కర్ర, కింద కడుపు ఉన్నవి రెండే, ఐదు, లేదా తల చదునుగా రాసే పాతకాలం మూడు. రెంటికీ తేడా తెలిసేది మధ్యలో. ఆ మధ్యలోనే తాత చెవులు! రెండు గంటలు తిప్పి తిప్పి చూశాను. నా విద్యంతా అక్కడ బోర్లా పడింది.

"మూడే బిడ్డా, నేను చెప్తలేనా?" అంటాడు తాత.

చివరికి బూడిద రంగు షీటు మీద రెండు నంబర్లూ కోసి అతికించాను, తెల్ల అంకెలకు నల్ల షాడోతో, అచ్చం ఓడ మీద ఉన్నట్టే. ఎల్ 63, ఎల్ 65. రెండూ గోడకు ఆనించి, "కండ్లు మూసి తెరువు తాతా. ఏది నీ ఓడ?" అన్నాను. తాత ఆలోచించకుండా అరవై మూడును చూపించాడు.

అప్పుడు లేచింది అవ్వ. బత్తాయి రసం చేతిని కొంగుకు తుడుచుకుని, అరవై ఐదు దగ్గరికి వెళ్లి ఒక్కొక్క అంకెను వేలితో తడిమింది.

"ఏమే బిడ్డా, మా ముసలాయన పేరు రాసినవేంది గీడ?"

నేనూ తాతా మొహమొహాలు చూసుకున్నాం.

"పేరు కాదవ్వా, అది నంబరు."

"నాకు సదువు రాకపోతే మాయె. కట్టుకున్నోని పేరు ఎరుకలేదా? గిన్నేండ్ల సంది తోముతున్న! పెండ్లైనంక గీయన మొదలు పంపిన పైసలతోని స్టీలు డబ్బా కొన్న. పేరు చెక్కిచ్చిన. గిదే పేరు!"

ఆ మాట అయ్యీ కాకముందే తాత స్కూటర్ తీశాడు. వాళ్ల ఊరు పది నిమిషాల దూరం. అరగంటలో ఇద్దరూ తిరిగొచ్చారు. అవ్వ ఒళ్లో బియ్యం డబ్బా, అడుగున ఇంకా నాలుగు గింజలు గలగలమంటున్నాయి. అంచు కింద చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది, ఎల్ 65.

కొత్త గిన్నె మీద పేరు చెక్కించనిదే మన ఆడవాళ్లకు నిద్ర పట్టదు కదా. నల్లగొండ గిన్నెల షాపులో "ఏం పేరమ్మా?" అని అడిగితే, మొగుని పేరు నోటితో పలకడానికి సిగ్గుపడి, కొత్త పెళ్లికూతురు మరియమ్మ ఆయన ఉత్తరం వెనక్కి తిప్పి వేలు పెట్టింది. పై వరుసలో పేరు, కింది వరుసలో ఓడ నంబరు. వేలు ఒక వరుస కిందికి జారింది. చెక్కే ఆయన వేలున్న చోటిది చెక్కి చేతిలో పెట్టాడు. పిల్లలు పెద్దయ్యాక చూసి, అది షాపువాళ్ల గుర్తేమో అనుకుని వదిలేశారు.

"మరి నువ్వు చూడలేదా తాతా? ఇంట్ల ఒక్కనాడన్న డబ్బా తోమినవా?"

తాత ఫ్యాను వైపు చూశాడు.

నేను మళ్లీ ఫొటో చూస్తే, ఎడమవైపు కనబడే చెవికీ టోపీకీ నడుమ సన్నటి నల్ల నీడ కనబడింది. ఐదుకు ఉండే నిలువు గీత నీడ. తెలిశాక అందరూ పండితులే!

ఎల్ 65 అని రాసి, తాత ఫొటోతో పాటు డబ్బా ఫొటో కూడా వైజాగ్‌కు పంపాం. మర్నాడు పొద్దున ముగ్గురం షాపులో ఉండగా వీడియో కాల్ వచ్చింది. తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన హిందీలో అరిచాడు. "అరే, ఆలూ యోహాన్! బతికే ఉన్నావా!" తాత అటెన్షన్‌లో నిలబడిపోయాడు, కళ్లలో నీళ్లు. ఆ పెద్దమనిషి అవ్వకు నమస్కారం పెట్టి ఇంకో మాట చెప్పాడు. ఇతను మా ఓడకు వంటవాడు, ఇతని ఆలూ కూర తిని బతికాం, గిన్నెలు తోమితే మొహం కనబడేది అని. నేను తెలుగులో చెప్పాను.

ఓడ తానే నడిపానని ఊరంతా చెప్పిన తాత బత్తాయి సంచిలోకి తల దూర్చాడు. అవ్వ నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఓడల గిన్నెలు తోమినవా? ఇంట్ల నలభై ఏండ్లు చెంచ కడగలే గదయ్యా!"

ఆ నవ్వు ఆగడానికి మాకు చాలాసేపు పట్టింది.

వైజాగ్ నుంచి వచ్చిన రోజు అవ్వ ఇంటికి కూడా పోకుండా తిన్నగా నా షాపులోకే వచ్చింది. "తలుపు తెరుసుకున్నది బిడ్డా! ట్రాక్టర్ ట్రాలీ డోర్ వడ్డట్లు దబ్బున వడ్డది. నేను ఇసుకల దిగిన. ముసలాయన అబద్దమాడలే!" అంది. ఇప్పుడు చాయ్ హోటల్ ముందు ఆ కథ చెప్పేది ఆమే. తాత పక్కన కూర్చుని తలూపుతాడు. ఇంట్లో గిన్నెలు కూడా ఆయనే తోముతున్నాడని విన్నాను.

ఆ కేసు తర్వాత ఎవరు కాగితం తెచ్చినా, ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివి వినిపించాకే మిషన్ ఆన్ చేస్తాను. చదువు రాదన్నవాళ్లకు ఆకారం గుర్తుంటుందని, నాకన్నా బాగా గుర్తుంటుందని కూడా అప్పుడే తెలిసింది.

ఒకరోజు ముచ్చటపడి "యోహాను" అని తెలుగులో అందంగా కోసి, డబ్బా మీద అతికిద్దామని అవ్వకు చూపించాను. అసలు పేరు ఇది అవ్వా, అన్నాను. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టేసింది.

"నా డబ్బా మీదిదే మా ఆయన పేరు బిడ్డా. మీ ఇద్దరికే సదువ రాలే."