వాన కోసం దాటేసిన ఏడుపు

ఉదయం ఏడూ పదికి పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది. గుడ్డ తీసుకుని తుడుస్తుంటే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. వచ్చింది ఇద్దరు. ఒకరు ఒకప్పుడు మా ఊరికి సర్పంచ్‌గా చేసిన పెద్దాయన, ఇంకొకరు ఆంజనేయస్వామి గుడి పూజారి. పూజారి చంకలో కొత్త స్పీకరు పెట్టె ఉంది. నా భర్త పోయి అప్పటికి తొమ్మిది నెలలు.

కూర్చోమన్నాను. పెద్దాయన కూర్చోలేదు. ఆయన నిలబడి మాట్లాడుతున్నాడంటే చెప్పబోయేది నాకు నచ్చదని ఆయనకు తెలుసన్నమాట.

"శ్రావణం సగమైపాయ టీచరమ్మా. ఒలిచిన శెనక్కాయ ఇత్తనం బస్తాల్లోనే ఉండాది. ఇంకా పెట్టుకుంటే మొలిచేది గూడా అనుమానమే. రేపట్నుంచి చదివిస్తామనుకుంటాండాము."

"మంచిదన్నా. పుస్తకం తీసి పెడతాను."

ఆయన పూజారి వైపు చూశాడు. పూజారి స్పీకరు వైపు చూశాడు.

"అది కాదమ్మా. ఏడాది తిరగలే గదా. నువ్వు గుడికాడికి వస్తే నాకేం లేదు, ఊళ్ళో నలుగురు నాలుగు రకాలుగా అంటారు. అందుకని ఫోన్లో పెడతాము. బెజవాడ పక్క ఎవరో పాడినారంట, శానా బాగుండాది."

"అర్థం ఎవరు చెప్తారు?"

"అర్థం అందరికీ తెలిసిందే గదమ్మా."

వాళ్ళు పోయాక స్టవ్వు మళ్ళీ తుడిచాను. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

మా వైపు వాన మొండికేస్తే ఒక పర్వం చదువుతారు. రాజ్యం పోగొట్టుకున్న అయిదుగురు అన్నదమ్ములు, వాళ్ళ భార్య, ఒక ఏడాది పాటు ఎవరి కంటా పడకుండా పరాయి రాజు కొలువులో పనివాళ్ళుగా బతికిన కథ అది. పెద్దవాడు రాజుతో పాచికలాడే తోడుగా చేరతాడు. రెండోవాడు వంటవాడవుతాడు. భార్య రాణికి జడలు వేసే పనికి కుదురుతుంది. పెద్దవాడు ధర్మం తప్పని మనిషి కాబట్టి ఆయన ఉన్న దేశంలో వానలు తప్పవని ఆ కథలోనే ఉంది. కరువులో దాన్ని చదవడం అందుకే. ఒకరు పద్యం చదవాలి, ఇంకొకరు అర్థం చెప్పాలి. మా ఊళ్ళో చాలా ఏళ్ళు పద్యం నా భర్తది, అర్థం నాది. ఆయన గుంతకల్లులో రైల్వే గుమాస్తాగా చేశాడు. నేను గార్లదిన్నె దగ్గర హైస్కూల్లో తెలుగు చెప్పాను.

ఒక ఘట్టాన్ని మాత్రం చదవనిచ్చేవాళ్ళు కాదు. రాణి తమ్ముడు ఆ పనిమనిషి వెంటపడతాడు. ఆమె పరుగెత్తి నిండు కొలువులోకి వస్తుంది. వాడు అందరి ముందే ఆమెను పట్టి తన్నుతాడు. రాజు చూస్తాడు, ఏమీ అనడు. వంటవాడు పళ్ళు కొరుకుతాడు. పెద్దవాడు, అంటే ఆమె భర్తే, పాచికల ముందు కూర్చుని, ఏడుస్తున్న ఆమెను ఆట చెడగొట్టకుండా లోపలికి పొమ్మంటాడు. ఎవరి పేరు చెప్పుకుని వాన అడుగుతున్నామో ఆయనే చిన్నగా కనిపించే చోటు అది. అక్కడ ఆయన్ని తప్పుపట్టినట్టు అవుతుందని, వచ్చే మబ్బు వెనక్కి పోతుందని మా ఊరి నమ్మకం. గుడి పుస్తకంలో అన్ని పుటలకూ పసుపు, నూనె, వేళ్ళ మరకలు ఉంటే ఆ నాలుగైదు పుటలు మాత్రం తెల్లగా ఉండేవి.

మా ఇంటి పుస్తకంలో అన్నిటికంటే మాసినవి అవే. గుడి దగ్గర దాటేసిన దాన్ని ఇంటికొచ్చి చదువుకునేవాళ్ళం. చదివి పోట్లాడుకునేవాళ్ళం.

ఆయన చదవడంలో రాగం ఉండేది కాదు. ఏ గూడ్సు ఏ లైన్లోకి వస్తోందో చెప్పినట్టు చదివేవాడు. ప్రతి పదం విడిగా వినపడేది. నాకు అదే కావాలి.

"ఇంక కొన్నాళ్ళు ఓర్చుకుంటే గడువు తీరుతుంది. ఆ కొలువులో నోరు జారితే మళ్ళీ పన్నెండేళ్ళు అడవే," అనేవాడు. "లోపలికి పొమ్మని అందరి ప్రాణాలూ కాపాడినాడు."

"కాపాడినాడు సరే. తర్వాతైనా పోయి, దెబ్బ యాడ తగిలిందని అడిగినాడా?"

"కవి రాయలే."

"రాయలేదంటే అడగలేదనే."

"నాకు సున్నా వేసేదానికి నేనేం నీ క్లాసు పిల్లోణ్ణా టీచరమ్మా?"

"పిల్లోళ్ళయితే దెబ్బ యాడని అడుగుతారు."

ఆ అన్నదమ్ములు ఊరి బయట జమ్మిచెట్టు మీద ఆయుధాలను శవంలాగా మూటగట్టి దాచడం ఆయనకు ఇష్టమైన సంగతి. ఓర్పంటే చేతిలో కత్తి లేకపోవడం కాదు, ఎక్కడ పెట్టామో మరిచిపోకపోవడం అనేవాడు. అది మంచి మాటే. నేనూ ఒప్పుకునేదాన్ని. ఒప్పుకుని, వాళ్ళకు దాచుకోవడానికి ఆయుధాలున్నాయి, ఆమె దాచుకోవలసింది తన ఒళ్ళే, దాన్ని ఏ చెట్టు మీద పెడుతుంది అని అడిగేదాన్ని. అప్పుడాయన లేచి మొక్కలకు నీళ్ళు పోయడానికి పోయేవాడు. నీళ్ళు ఉన్న రోజైతే.

ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. కానీ కత్తిపీట తగిలి నా వేలు తెగినా, మోకాలు పట్టేసినా, చదువుతున్న పేపరు పక్కన పెట్టి "యాడ?" అని అడగడం ఆ పోట్లాటలు మొదలైన తర్వాతే నేర్చుకున్నాడు. నేను గెలిచానని ఎప్పుడూ అనలేదు. అంటే అడగడం మానేస్తాడని భయం.

ఆయన పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళు చాలా మంచి మాటలు చెప్పారు. దేవుడి దగ్గరికి పోయాడన్నారు, నక్షత్రమయ్యాడన్నారు. ఆయన గుండె ఆగిపోయింది. నాకు మిగిలింది సగంలో ఆగిన ఒక పోట్లాట. అర్థం అందరికీ తెలిసిందే అని పెద్దాయన అన్నప్పుడు దాన్ని కూడా పూడ్చిపెట్టమన్నట్టు వినిపించింది.

మరుసటి రోజు మా ఇంటి పుస్తకం పట్టుకుని పోయాను. గుడిలోకి పోలేదు. గుడి ముందర రేకుల షెడ్డు ఊరిది. అందులో కూర్చోవడానికి ఏడాది తిరగాల్సిన పని లేదు. పెద్దాయన నన్ను చూసి పూజారి వైపు తిరిగాడు. ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. నా పక్కన మా చేలో కలుపు తీసే ఆమె కూర్చుంది. ఆమె చర్చికి పోయే మనిషి, అయినా ఏటా వస్తుంది. కథ ఎవరిదైతే ఏమి అంటుంది.

స్పీకర్లో హార్మోనియం, తబలా, మధ్యలో గంటలు. పాడినాయనది మంచి గొంతే. ప్రతి పాదం చివరా ఎంత దూరం లాగుతున్నాడంటే, చేరేసరికి అది కోపమో దుఃఖమో తెలియడం లేదు.

"ఏమంటాండాడు టీచరమ్మా?" అంది పక్కనున్నామె.

"రాణి దగ్గర పని అడుగుతోంది ఆమె."

"పని అడిగేదానికి ఇంత రాగమా? నేనట్ల అడిగితే ఎవురన్నా చేలోకి రానిస్తారా?"

ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. పూజారి వెనక్కి తిరిగి చూశాడు.

మధ్యాహ్నం తర్వాత ఆ ఘట్టం వచ్చింది. పాడినాయనకు మా ఊరి కట్టుబాటు తెలియదు కాబట్టి ఆయన దాటెయ్యలేదు. ఆమె పరుగెత్తే పద్యం మొదలైంది. పూజారి ఫోను చేతిలోకి తీసుకుని తెర మీద వేలు పెట్టి జరిపాడు. గంటలు, తబలా ఒక్కసారి ఎగిరి ఇంకెక్కడో పడ్డాయి. వంటవాడు రాణి తమ్ముణ్ణి చంపేస్తున్నాడు.

"అప్పుడే చంపేసినాడా?" అంది నా పక్కనామె, కాస్త గట్టిగానే. "వాడేం చేసినాడని?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎన్నో ఏళ్ళుగా వింటున్న కథలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఎందుకంటే దాటేసిన చోట నేను రెండు మాటలతో అతుకు వేసేదాన్ని. ఆ రోజు అతుకు వేసేవాళ్ళు లేరు.

నేను లేచాను. "స్వామీ, అది ఆపండి. అక్కడ్నుంచి నేను చదువుతాను."

"వద్దులేమ్మా," అన్నాడు పెద్దాయన. "పడమట మబ్బు పట్టి ఉండాది."

"పోయినేడు దాటేసినాము. అంతకు ముందేడూ దాటేసినాము. యాడ పడిందన్నా?"

"అట్లని ఇప్పుడు..."

"వాన పోతే నా మీద వెయ్యండి. వేసుకునేదానికే వచ్చినాను."

పూజారి స్పీకరు ఆపాడు. నేను మా ఆయన చదివినట్టే చదివాను, లాగకుండా, ఏ మాట మీదా నిలబడకుండా. తన్నిన చోట తన్నాడని, రాజు ఊరుకున్న చోట ఊరుకున్నాడని వినపడింది. భర్త లోపలికి పొమ్మన్న చోట ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో నాలుక చప్పరించారు.

తర్వాత అర్థం చెప్పాను.

"ఈ కథలో పెద్దోడు ఉన్న దేశంలో వానలు పడతాయని చదువుతాండాము. పడినాయి. ఆ రాజుకు పంటలుండాయి, లెక్కలేనన్ని ఆవులుండాయి. అంత వాన పడిన దేశంలోనే నిండు కొలువులో ఒక ఆడమనిషిని తన్నినారు, అడిగినోడు లేడు. అందుకని వాన పడేది ధర్మానికి గుర్తు కాదు. మన చేలల్లో పడకపోయేది మన పాపానికీ గుర్తు కాదు. ఎవరన్నా మీరు పాపం చేసినారు కాబట్టే ఎండినారంటే నమ్మొద్దండి. ఇది నా అర్థం."

పెద్దాయన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"ఇంకో అర్థం ఉండాది. అది మా ఇంట్లో ఆయన చెప్పేది," అని అది కూడా చెప్పాను. గడువు, అడవి, కాపాడిన ప్రాణాలు, జమ్మిచెట్టు, అన్నీ. జవాబు చెప్పేవాడు లేనప్పుడు అవతలి వాదాన్ని పలచన చేసి చెప్పడం సులువు. ఆయన బతికుండగా నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ఇప్పుడు దొరికిందని తీసుకోదలచుకోలేదు. ఆయన చెప్పినంత బలంగానే చెప్పాను.

"రెంటిలో యాది సరి?" అంది నా పక్కనామె.

"నేను మొదటిదే అంటాను."

"మరి సారు?"

"ఆయన రెండోదే అంటాడు."

"అయితే ఇంకా తెగలే."

"తెగలే."

"నాకైతే సారు చెప్పిందే సరి," అన్నాడు పెద్దాయన నేల వైపు చూస్తూ. "ఇంటి పెద్దన్నాక కొన్ని దిగమింగల్ల."

"నీకేం మామా, తన్నులు తినింది నువ్వా?" అని ఆడవాళ్ళలోంచి ఒకామె అంది. ఆయన కోడలే. ఇంక అక్కణ్ణుంచి ఎవరి మాట ఎవరూ వినలేదు. పూజారి రాజుదే అసలు తప్పన్నాడు, జీతమిచ్చేవాడు నోరు తెరవకపోతే కింద కూర్చున్నోడు ఏం తెరుస్తాడన్నాడు. గుడిలో దీపం పెట్టే వేళ దాటిపోయిందని ఎవరో గుర్తుచేస్తే పరుగెత్తాడు.

ఆ రోజు వాన రాలేదు. ఆ వారమూ రాలేదు. మబ్బు కణేకల్ వైపు పోయిందన్నారు. నా వల్లే అని నా ముఖాన అన్నవాళ్ళకు వాళ్ళ ముఖానే జవాబు చెప్పాను, వెనక అన్నవాళ్ళను వదిలేశాను. ఒలిచిన విత్తనాన్ని కొందరు నూనె మిల్లుకు వేశారు. ఆలస్యంగా పడిన తడికి ఉలవలు చల్లుకున్నారు. నేనూ ఉలవలే చల్లించాను.

ఈ ఏడాది పెద్దాయన ఆషాఢంలోనే వచ్చాడు. ఒక్కడే వచ్చి, చెప్పకుండానే కూర్చున్నాడు. కాఫీ తాగి, "రేపు పొద్దున్నే మొదలుపెడదామా టీచరమ్మా?" అన్నాడు. స్పీకరు మాట ఎత్తలేదు.

మా పుస్తకం ఇంట్లో పెట్టి గుడి పుస్తకమే తీసుకుని చదివాను. పద్యం, అర్థం రెండూ ఇప్పుడు నావే. అర్థాలు మాత్రం రెండు చెప్తాను. ఆ ఘట్టం వచ్చినప్పుడు పెద్దాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు కానీ పుట తిప్పమనలేదు. పడమట మబ్బు ఉందో లేదో నేను చూడలేదు. ఆ పుటలు దాటెయ్యడం మా ఊళ్ళో ఇప్పుడు లేదు.