వానను వెనక్కి తీసుకునే మనిషి

చెప్పిన వానను ఇంటింటికీ తిరిగి వెనక్కి తీసుకునే మనిషిని నా జీవితంలో ఒక్కణ్ణే చూశాను. ఆయన పేరు ఉరుకుందన్న. రేపు వాన ఉందని పొద్దున చెబుతాడు. సాయంత్రానికి ఆ వాన దారి మళ్ళిందని తెలిస్తే, చెప్పిన ప్రతి గడపకూ మళ్ళీ వెళ్ళి, చెప్పులు విడిచి నిలబడి, "పొద్దున చెప్పిన వాన లేదంట, ఏమీ అనుకోవద్దు" అని చెప్పి వస్తాడు. ఆ వానను తనే పిలిచి, తనే రావద్దన్నంత మొహమాటపడేవాడు.

కోసిగికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరికి నేను వ్యవసాయ సహాయకురాలిగా వెళ్ళాను. మాది ప్రొద్దుటూరు. ఆ ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు, ఒక గది అద్దెకు తీసుకున్నాను. దసరా వెళ్ళగానే సగం ఊరు పిల్లాజెల్లాతో పత్తి ఏరడానికి గుంటూరు వైపు వెళ్ళిపోయింది. మా వీధిలో ఇరవై రెండు తలుపులుంటే పద్నాలుగింటికి తాళాలు పడ్డాయి. సాయంత్రం ఆఫీసు నుంచి నడిచి వస్తుంటే నా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు.

ఉరుకుందన్న మండల ఆఫీసులో ముప్పై ఏళ్ళు వానకొలత చూసి రిటైరయ్యాడు. రోజూ ఎనిమిదిన్నరకు గొట్టంలో ఎన్ని నీళ్ళు పడ్డాయో చూసి రాయడం ఆయన పని. మా సీమలో ఆ ఉద్యోగానికి సున్నా చుట్టడం వస్తే చాలు. "నేను చుట్టిన సున్నాలు వరసగా పేరిస్తే ఆదోని దాటి పోతాయి మేడమ్మా" అనేవాడు గర్వంగా. భార్య పోయాక వంట కూడా తనే చేసుకునేవాడు. పొద్దున నా ఆఫీసుకూ, సాయంత్రం నా గదికీ వచ్చి, "నీ ఫోను ఏమంటాండాది?" అని అడిగేవాడు. నాకు వచ్చే వాతావరణ సమాచారం చదివి వినిపిస్తే తలూపి, ఊరి మీదికి బయలుదేరేవాడు.

ఆ అక్టోబరులో ఒక సోమవారం నాడు బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టింది. బుధ, గురువారాల్లో కర్నూలు, కడప జిల్లాల్లో వానలని ఫోను చెప్పింది. ఉరుకుందన్న ఊరంతా చెప్పి వచ్చాడు. పీకి ఆరబోసిన శనక్కాయను జనం పరుగున వాముల్లోకి ఎత్తి పట్టలు కప్పారు.

మంగళవారం అది ఒడిశా వైపు తిరిగింది. ఉరుకుందన్న వానను వెనక్కి తీసుకోవడానికి బయలుదేరాడు.

"ఏమప్పా, నీ అల్పపీడనం తిన్నాదా, పండుకున్నాదా?" అన్నాడు టీకొట్టు అయ్యన్న.

"ఒడిశా పక్క పోయిందప్పా."

"పోనీలే. దానికైనా ఒక మంచి ఊరు దొరికింది."

బుధవారం పొద్దున అది మళ్ళీ చెన్నై వైపు దిగింది. కడపకు వానలన్నారు, కర్నూలుకు అక్కడక్కడా అన్నారు. అక్కడక్కడా అంటే యాడాడ అని ఊరు ఆయన్ని పట్టుకుంది. బుధవారం సాయంత్రానికి ఆ అక్కడక్కడా కూడా లేదన్నారు. ఉరుకుందన్న మళ్ళీ చెప్పులు విడిచాడు.

గురువారం హనుమేష్ అనే రైతు నా ఆఫీసుకు వచ్చాడు. "మూడు దినాల్లో నా శనక్కాయను రెండు తూర్లు ఎత్తి, రెండు తూర్లు పరిచినాను మేడమ్. అది ఎండేది పోయి అలిసిపోయింది. ఆయప్పను ఒక మాట మీద నిలబడమనండి."

నాకు చిరాకేసింది. రేపు పై అధికారి అడిగితే జవాబు చెప్పాల్సింది నేను. ఉరుకుందన్న రాగానే, "అన్నా, ఇంక నువ్వు ఇంటింటికీ తిరగొద్దు. సచివాలయం మైకులో నేను చెప్తా. అందరికీ ఒకేసారి వినపడుతుంది" అన్నాను.

ఆయన కాసేపు గోడకున్న మైకును చూశాడు. "మంచిదేలే మేడమ్మా. దానికైతే కాళ్ళు నొయ్యవు" అని వెళ్ళిపోయాడు.

ఆదివారం దాకా వాన లేదని మైకులో చెప్పాను. శనక్కాయ మళ్ళీ పరుచుకుంది. శుక్రవారం ఆయన ఆఫీసుకు రాలేదు, గదికీ రాలేదు. ప్రశాంతంగా ఉందనుకున్నాను. ఏడు గంటలకల్లా ఆ ప్రశాంతత ఎక్కువైంది. అమ్మకు ఫోన్ చేసి మాట్లాడాను. పెట్టేశాక ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాను. ఎవరో తలుపు తట్టినట్టనిపించి రెండుసార్లు లేచి చూశాను. వీధిలో తాళాలు తప్ప ఏమీ లేవు.

శనివారం మూడు గంటలకు ఫోను మాట మార్చింది. మూడు గంటల్లో కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల్లో ఉరుములతో వాన. మైకు దగ్గరికి పరుగెత్తాను. కరెంటు లేదు. అక్కడి నుంచి ఉరుకుందన్న ఇంటికి పరుగెత్తాను. ఆయన ఒక్కడే కూర్చుని రొట్టె తింటున్నాడు.

"అన్నా, వాన మళ్ళీ వచ్చింది" అన్నాను.

ఆయన నిష్ఠూరమాడలేదు. చెయ్యి కడుక్కుని, "పా" అన్నాడు.

టీకొట్టు దగ్గర ఒక్క కేక వేశాడు. అయ్యన్న ఇద్దర్ని బండ్ల మీద చేల వైపు తరిమాడు. అరగంటలో ఊళ్ళో మిగిలిన రైతులంతా చేలల్లో ఉన్నారు. హనుమేష్ మూడోసారి ఎత్తడం దూరం నుంచే కనిపించింది. పని అయిపోయిందనుకున్నాను.

"ఇంగ ఇండ్లు చూద్దాం రా" అన్నాడు ఉరుకుందన్న.

మొదటిది చర్చి సందులో జీవమ్మ ఇల్లు. మోకాళ్ళు పట్టేసిన ముసలామె, బొంతలు కుట్టుకుంటుంది. ఆయన వెళ్ళగానే అడక్కుండానే నాలుగు సూదుల్లో దారం ఎక్కించి, గోడనున్న క్యాలెండరుకు గుచ్చాడు. లేచి వస్తూ, "వాన ఉండాది అక్కా" అన్నాడు.

"ఉండనీలే. నిన్న యాడికి పోయినావు?" అందామె.

తర్వాత బసవన్న ఇల్లు. ఆయనకు చూపు మందం. ఉరుకుందన్న మాత్రల అట్ట అందుకుని పొద్దుటిది వేసుకున్నాడో లేదో చూశాడు.

"నిన్న రాకపోతే నువ్వు పోయినావనుకుంటి" అన్నాడు బసవన్న.

"లేదులేప్పా, సెలవు పెట్టినా."

వెంకటలక్ష్మమ్మ తలుపు తీసీ తీయగానే తిట్టడం మొదలుపెట్టింది. ఆ ఊళ్ళో ఆమెతో మాటలున్నవాళ్ళు ఎవరూ లేరు. ఐదు నిమిషాలు ఆయన తలవంచుకుని విన్నాడు. బయటికి వచ్చాక, "ఆయమ్మకు తిట్టేదానికి ఒక మనిషి కావల్ల గదా" అన్నాడు.

అలా ఇల్లు తర్వాత ఇల్లు. ఏ ఇంట్లో చూసినా ఒకే మనిషి, ఒకే కంచం. వాన మాట మాత్రం గడప దాటేటప్పుడు ఒక్క ముక్క.

"వీళ్ళకు చేన్లు లేవు గదన్నా. వాన సంగతి వీళ్ళకెందుకు?" అన్నాను.

"వాన పేరు చెప్తే గదా పోయేదానికయ్యేది? ఊరికే పోతే, నాకేం తక్కువైందని వచ్చినావు అంటారు. శానా రోషం మనుషులు."

"మరి వెనక్కి తీసుకునేది?"

"ఒక తూరి చెప్తే ఒక తూరే పోవల్ల. మాట మారిందనుకో, రెండో తూరి పోవచ్చు." ఆకాశం వైపు చూశాడు. "ఈ వారం ఆ అల్పపీడనం మాకు శానా మేలు చేసింది."

నాకు నవ్వొచ్చింది. గురువారం నేనన్న మాటకు క్షమించమందామనుకునేలోగా ఆయన మలుపు తిరిగాడు.

"ఇంగొకటుండాది" అన్నాడు.

వెనకాలే నడిచాను. అటూ ఇటూ తాళాలు వేసిన తలుపులు. ఒక తలుపు ముందు ఆగి చెప్పులు విడిచాడు. ఈ ఇంట్లో ఎవరుంటారన్నా అని అడగబోయి ఆ తాళం చూశాను. అది నాదే.

"తాళం తియ్ మేడమ్మా. శానా దూరం నడిస్తిమి, రోన్ని నీళ్ళియ్యి."

నేను తాళంచెవి కోసం వెతుక్కుంటుంటే తొలి చినుకులు పడ్డాయి. అప్పుడే ఆయన చొక్కా జేబులో ఏదో టింగుమంది. ఫోను తీసి, దూరంగా పెట్టుకుని చదివాడు. అచ్చం నాకు వచ్చే సందేశమే.

"నీకూ వస్తాదా?" అన్నాను.

"నువ్వు ఈ ఊరికి రాకముందు నుంచే వస్తాండాదిలే" అన్నాడు ఇబ్బందిగా, ఫోను లోపల పెట్టేసుకుంటూ.

ఆయనకు నీళ్ళిచ్చి, స్టవ్వు మీద టీ పెట్టాను. వాన ఎప్పుడు తగ్గుతుందో ఆ సాయంత్రం ఇద్దరమూ ఏ ఫోనునూ అడగలేదు.