ఎడమచేతి సేటు

మిర్చి వ్యాపారి ఓంప్రకాశ్ కుడిచేతి గోళ్లు పొడుగ్గా, నున్నగా అరగదీసి ఉంటాయి. అవి గిటారు కోసం. పాడే మనిషి అక్కర్లేకుండా ఒక పాత ఇంగ్లీషు ప్రేమపాటను ఒక్కడే పలికిస్తాడు. బొటనవేలు లావు తీగలమీద నడక పట్టుకుంటే ఉంగరపు వేలు పాట పాడుతుంది. ఎన్ని ఊళ్లు తిరిగినా ఇంత ఓపికైన వేళ్లు కనబడటం అరుదు. ఆ గోళ్ల కోసమే వరంగల్ మార్కెట్‌లో సరుకు చూడటానికి మిర్చి బస్తాల్లోకి ఎడమచెయ్యి పెడతాడు. రెండేళ్లుగా ఇంట్లో అతని సాధనను ముక్కలు ముక్కలుగానే వింటున్న భార్య యమునకు, పెళ్లిరోజు సాయంత్రం పాటంతా వినిపిస్తానని మాటిచ్చాడు. ఆ పొద్దునే నర్సంపేట ముసలి రైతు సదానందం బస్తా దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఏంది సేటూ, నా పంటను ఎడమచేత్తోని ముడ్తవా? లచ్చిమి గాదా ఇది?"

"తప్పయింది కాకా" అంటూ ఓంప్రకాశ్ కుడిచెయ్యి పెట్టాడు. గోనెపీచులో చిక్కి ఉంగరపు వేలి గోరు మొదలంటా విరిగింది. ముసలాయనకు ఆ సంగతి చెప్పలేదు. కాయలు బాగున్నాయని మాత్రం అన్నాడు.

సాయంత్రం వట్టి వేలికొసతోనే మొదలుపెట్టాడు. పాట గుసగుసలా వచ్చింది. సగంలో చెయ్యి తీసేశాడు.

"గోరు ఇరిగింది యమునా. పెరిగినంక మంచిగ వినిపిస్త."

యమున లేచి ఫ్యాన్ కట్టేసి, కుర్చీ అతని మోకాళ్ల దాకా జరుపుకుంది.

"పెరిగినంక మళ్ల వింట గని, ఇప్పుడైతే ఆపకుండ్రి."