గడ్డి కమిటీ కాసులమ్మ

కోటవురట్ల దగ్గరి ఓ కొండ కింద ఊళ్లో కాసులమ్మ నోరు తెరిస్తే ఆటోవాడు కూడా హారన్ మానేసి పక్కకి తప్పుకుంటాడు. కొండవాలు గడ్డిని కాపాడే కమిటీకి ఆమెను అధ్యక్షురాలిని చేసింది అందుకే. ప్రేమతో కాదు, బయట కూర్చుని తిట్టడం కన్నా లోపల కూర్చుని తిడితే నయమని.

ఆ వాలు అటవీశాఖ రక్షణలో ఉంది. కింద చెరకు రైతులు, పైన మెట్టచేల కొండ కుటుంబాలు, ఎవరికి వారు అది తమదే అనుకునేవారు. తొలి మీటింగులో కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో తేలేసరికే టీ చల్లారిపోయింది. ఎలాగో మాట కుదిరింది: గడ్డి గింజ రాలేదాకా పశువుల్ని తోలకూడదు, తర్వాత కొంత కోసుకుని, కొంత వేసవికి ఉంచాలి, పక్క చేలల్లో చెరకు ఆకు తగలబెట్టకూడదు.

మాఘంలో తగలబెట్టనే తగలబెట్టాడొకడు. సాక్షాత్తూ ఆమె తమ్ముడు అప్పలరమణ.

మంట గడ్డిలోకి పాకింది. కొండ మీది నుంచి అక్కడి కుటుంబాల పెద్ద మత్స్యరాజు తనవాళ్లతో పరుగెత్తుకొచ్చాడు. ఫారెస్టు ఆఫీసరు త్రినాధరావు బూటొకటి ఎక్కడో పోగొట్టుకుని కుంటుతూనే పచ్చికొమ్మతో మంటను బాదాడు. ఆరేసరికి వేసవి మేతలో సగం బూడిదైంది.

మర్నాడు కమిటీ కూర్చుంది. అందరూ కాసులమ్మ మొహమే చూశారు. తను ఎత్తుకుని పెంచిన తమ్ముడు. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

"గాలి తిరిగిపోనాది అప్పా, నేనేటి సేత్తాను?" అన్నాడు అప్పలరమణ అక్కతో.

"గాలి మీదకి నెట్టీకురా సన్నాసీ! అగ్గిపెట్టి గాలి జేబులో ఉన్నాదేటి?"

"తిట్లు మా పశువులు తినవప్పా. మేత సంగతి సెప్పు," అన్నాడు మత్స్యరాజు.

కాసులమ్మ తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే రమణా, నీ మిగిలిన సెరకు నరికేదాకా కొసల్లో పచ్చి మొవ్వంతా ఆళ్ల పశువులకే. నువ్వే మోసుకెళ్లి ఇయ్యాల."

"మరి నా గేదెలో?"

"నువ్వు సేసిన బూడిద నాకుతాయి."

అప్పలరమణ రోజూ పొద్దున్నే చెరకు మొవ్వు మోపు నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. ఆమె అతనితో మాట్లాడటం మానేసింది. తిట్లు కూడా లేవు. మోపు బరువు కన్నా అతనికి అదే బరువైంది.

ఒకనాడు మలుపు దగ్గర రొప్పుతూ కూలబడ్డాడు. వెనకే వచ్చిన కాసులమ్మ మోపు విప్పి, సగం తన నెత్తికెత్తుకుంది.

"లేరా ఎదవా. పశువులు సూత్తంటాయి."

అప్పలరమణ మొహం వికసించింది. ఆ పూట కొండంతా ఆమె తిడుతూనే ఎక్కింది, అతను నవ్వుతూనే ఎక్కాడు.